తెర వెనక బెకీ

ఆదివారం కదా, ఆలస్యంగా లేచాను. బట్టలు ఆరేసి, పప్పుచారు పెట్టి, అన్నం తిన్నాక ఇక మంచం దిగలేదు. ఇంగ్లీషు రచయిత థాకరే నవల 'వానిటీ ఫెయిర్' చివరి అధ్యాయాలు ఏకబిగిన చదివేశాను.

అయిపోయాక ఒకటే సందేహం. స్నేహితురాలి అన్న జోస్ సెడ్లీని నవల నాయిక బెకీ చంపిందా, లేదా? ఆవిడ చేతికి చిక్కి, ఉన్నదంతా ఊడ్చుకుపోయాక పోతాడు జోస్. మిగిలింది రెండు వేల పౌండ్ల బీమా. అందులో సగం బెకీ పేరు మీద రాసి ఉంటాడు. ఇంత దారుణమైన కేసు తనెప్పుడూ చూడలేదంటాడు బీమా కంపెనీ లాయరు. అయినా డబ్బు చెల్లించక తప్పదు. థాకరే అంతకుమించి ఒక్క ముక్క చెప్పడు.

నా దగ్గరున్నది బొమ్మల్లేని చవక ప్రతి. మనసాగక ఇంటర్నెట్‌లో పాత ప్రతి స్కాన్ తెరిచాను. 1847 జనవరి నుంచి 1848 జులై దాకా నెలనెలా విడి భాగాలుగా వచ్చినప్పుడు బొమ్మలు వేసింది కూడా థాకరేనే. చివర్లో ఒక బొమ్మ ఉంది. జోస్ తన చెల్లెలి మొగుడు డాబిన్‌ని బతిమాలుతుంటాడు. ఆవిడకి తెలిస్తే నన్ను చంపేస్తుందని అతను వణికిపోయే ఘట్టం అది. తెర చాటున బెకీ నక్కి ఉంటుంది. కింద 'క్లైటెమ్నెస్ట్రాగా బెకీ రెండో దర్శనం' అని శీర్షిక. క్లైటెమ్నెస్ట్రా అంటే గ్రీకు గాథల్లో మొగుడు ఆగమెమ్నన్‌ని చంపిన రాణి.

మొదటి దర్శనం ఓ పెద్దింటి విందులో. సరదాకి వేసిన మూగ నాటకంలో, మొగుణ్ణి చంపే క్లైటెమ్నెస్ట్రా వేషం బెకీది. ఆగమెమ్నన్‌గా పడుకున్నది ఆవిడ సొంత మొగుడు రాడనే! చూస్తున్న ఆ ఇంటాయన లార్డ్ స్టెయిన్ 'నిజంగానూ చేసేస్తుంది' అని గొణుక్కుంటాడు.

థాకరే గొప్ప చిత్రకారుడేం కాదు. 1836లో డికెన్స్ 'పిక్విక్ పేపర్స్'కి బొమ్మలు వేస్తున్న రాబర్ట్ సేమూర్ ఆత్మహత్య చేసుకున్నాక ఆ పని కోసం వెళ్ళాడు కానీ దొరకలేదు. చివరికి 'ఫిజ్' పేరుతో గీసిన హాబ్లో బ్రౌన్‌కి దక్కింది. ఫిజ్ గీత చాలా మెరుగు, ఒప్పుకుంటాను. కానీ ఈ బొమ్మ ఫిజ్ వేసుంటే, రచయిత చెప్పాడా లేక ఇతని పైత్యమా అని తన్నుకునేవాళ్ళం. ఇక్కడ ఆ గొడవ లేదు. ఈ నవలని బొమ్మలు తీసేసి అచ్చేసేవాళ్ళ మీద నాకు పీకల దాకా కోపం వచ్చింది.

రాత్రి ఆ బొమ్మని అక్కకి వాట్సాప్‌లో పంపాను. ఎం.ఏ.లో ఈ నవల చదివిందిలే. వెంటనే ఫోన్.

"చాటుగా వింటే చంపేసినట్టేనా?"

"మరి క్లైటెమ్నెస్ట్రా అని ఎందుకు పెట్టాడక్కా?"

"నీలాంటివాళ్ళు ఇలా కొట్టుకు చావాలని."

తర్వాత తనే, బెకీ లాయర్ల పేర్లు గమనించావా అని అడిగింది. బర్క్, థర్టెల్, హేస్. మూడూ బ్రిటన్‌లో పేరుమోసిన హంతకుల పేర్లట. కేథరిన్ హేస్ అయితే మొగుణ్ణే చంపించిందట.

"అంటే నువ్వూ నా పక్షమేగా!"

"నేనెప్పుడు కాదన్నానే? బొమ్మ సాక్ష్యం కాదన్నాను, అంతే" అని పెట్టేసింది.