అమావాస్య పాటు

శివరాత్రి జాగారం మా ఇంట్లో నాన్నగారు ఒక్కరే పూర్తిచేశారు. మిగతా అందరం పన్నెండు కొట్టకుండానే పడిపోయాం. అందుకే ఈ ఉదయం చీకటితో లేవడం నాకేమీ కష్టం కాలేదు. మేనకోడలు చిన్ని అయితే నాకంటే ముందే చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడింది.

జాగారం చేసినవాళ్ళ సముద్ర స్నానాలతో వైజాగ్ ఆర్కే బీచ్ ఈపాటికి కిటకిటలాడుతుంటుంది. అటు పోకుండా జోడుగుళ్ళపాలెం వైపు బండి తిప్పాను. అక్కడ ఇసుకలో చుట్టూ వల కట్టిన చిన్న ఆవరణ ఉంది. అటవీ శాఖ వాళ్ళ తాబేళ్ళ హేచరీ. రాత్రిపూట ఆలివ్ రిడ్లే తాబేళ్ళు ఒడ్డెక్కి గుడ్లు పెట్టి వెళ్ళిపోతాయి. కుక్కలూ నక్కలూ తవ్వేలోపు ఆ గుడ్లు తెచ్చి ఇక్కడ మళ్ళీ పాతిపెడతారు. ఒక్కో తల్లి నూరు పైచిలుకు పెడుతుంది. పిల్లలు రావడానికి 45 నుంచి 60 రోజులు పడుతుంది కాబట్టి, సంక్రాంతి రోజుల్లో పెట్టినవి ఇప్పుడు పొదుగుతున్నాయి.

బుట్ట ఇసుక మీద వంచారు. అరచేతిలో పట్టే నల్లటి పిల్లలు, ఒకదాని మీద ఒకటి పడి, లేచి, నీళ్ళ వైపు బయల్దేరాయి. ఒకటి మాత్రం వెనక్కి తిరిగి రోడ్డు దారి పట్టింది. ఎక్కడ వెలుగు ఎక్కువుంటే అవి అటే పోతాయట. బీచ్ రోడ్డు లైట్లు ఎంత అందంగా ఉన్నా వాటికి మాత్రం గండమే.

ఇసుక వేడెక్కువైతే ఆడవి, తక్కువైతే మగవి పుడతాయని అక్కడి గార్డు చెప్పాడు. "అయితే మన వైజాగ్ ఎండలకి అన్నీ అమ్మాయిలేనా మావయ్యా?" అంది చిన్ని. గార్డు నవ్వాడు కానీ, అది నవ్వి వదిలేసే ప్రశ్న కాదు.

ఉత్తరంగా కొంచెం నడిచామో లేదో, ఒక పెద్ద తాబేలు చచ్చిపడి ఉంది. వాసనొస్తోంది, కాకులు వాలాయి. ఎంత సముద్రంలో బతికినా ఊపిరికి పైకి రావాల్సిందే కదా. వలలో ఇరుక్కుంటే రాలేవు. తూర్పు తీరంలో మరబోట్ల వేట నిషేధం ఏప్రిల్ 15న మొదలవుతుంది, గుడ్లు పెట్టే కాలమేమో చాలావరకు దానికి ముందే అయిపోతుంది. చిన్నికి ఇదంతా చెప్పాలా వద్దా అనుకుంటుండగానే అది ఎర్ర పీతల వెనక పరుగెత్తింది. హమ్మయ్య అనుకున్నాను.

అసలు పండగ మధ్యాహ్నం. అమావాస్యకి సముద్రం బాగా వెనక్కి తీస్తుంది. అలా నీళ్ళు తగ్గడాన్నే పాటు అంటారు. అది మూడింటికి అని చూసుకుని, పులిహోర డబ్బాతో మంగమారిపేట చేరాం. తొట్లకొండ కిందుగా ఉంటుంది. అక్కడ అలలు తొలిచిన రాతి తోరణం దగ్గర ఫోటోలు దిగేవాళ్ళు చాలామందే ఉన్నారు. వాళ్ళ కాళ్ళ దగ్గర గుంటల్లో ఏముందో చూసేవాళ్ళే లేరు. వైజాగ్ వాళ్ళం బీచ్‌కొస్తే దూరంగా ఓడలు చూస్తాం, కింద చూడం.

ఒక గుంట దగ్గర చతికిలబడ్డాం. మొదట ఏమీ కనపడలేదు, నాచూ నీళ్ళూ తప్ప. కాసేపటికి ఒక చిన్న శంఖం నడవడం మొదలుపెట్టింది. లోపల పీత. తర్వాత రాయి రంగులోనే ఉన్న చేపపిల్ల ఒకటి పక్క గుంటలోకి గెంతింది. రాతికి అంటుకుని సీ అనిమోన్‌లు. పువ్వులే అనుకుంటాం, కానీ జంతువులు. ఆ రేకుల్లాంటివన్నీ ఎర పట్టే చేతులు. చిన్ని నీడ పడగానే ఒకటి ముడుచుకుపోయి జిగురు ముద్దలా మిగిలింది. "సారీ" అంది దానితో.

ఆ శంఖం పీతని నీళ్ళ సీసాలో ఇంటికి తెస్తానని పేచీ. ఆ పీతకి వెనక సగం మెత్తగా ఉంటుంది, శంఖం లేకపోతే బతకదు, పెరిగేకొద్దీ పెద్ద శంఖం వెతుక్కుంటుంది, మనింట్లో ఎక్కడ దొరుకుతుంది అన్నాను. "దేవుడి గదిలో ఉందిగా" అంది. దీనికి నా దగ్గర జవాబు లేదు. వల బాగుచేసుకుంటున్న పెద్దాయన కాపాడాడు: "ఒగ్గీమ్మా, సచ్చిపోద్ది. పోటు ఎక్కుతంది, బేగి ఇటొచ్చీండి."

నిజంగానే మేం కూర్చున్న రాయి చుట్టూ నీళ్ళొచ్చేశాయి.

తిరుగుదారిలో మురీ మిక్చర్ తింటూ చిన్ని లెక్క వేసింది. వచ్చే అమావాస్య మర్నాడే ఉగాది. ఆరోజూ పాటు పెద్దదే ఉంటుంది. పచ్చడి తినేసి వచ్చేద్దామంటోంది. పండగపూట పీతల దగ్గరికా అని అక్క ఇప్పటికే ఫోన్‌లో ఒక రౌండ్ వేసింది. నాన్నగారు మాత్రం తానూ వస్తానంటున్నారు.