ఓవరాల్ 8, పాయింట్లు 0

నవంబరు రెండో వారంలో రాసిన పీటీఈ అనే ఇంగ్లీషు పరీక్ష ఫలితం మూడు రోజుల క్రితం వచ్చింది. లిజనింగ్ 81, రీడింగ్ 78, రైటింగ్ 87, స్పీకింగ్ 90. ఆస్ట్రేలియా నైపుణ్య వలస వీసా కోసం చదువుతున్నవారికి ఈ నాలుగు అంకెలు చూడగానే విషయం అర్థమైపోతుంది: సుపీరియర్ అనే పై స్థాయి ఇంగ్లీషు, వీసా అర్హత లెక్కలో 20 పాయింట్లు. వీటి కోసం పదిహేను నెలల్లో నాలుగు పరీక్షలు రాశాను, ఒక్కోదానికి 17, 18 వేల రూపాయల చొప్పున కట్టాను, ఇంట్లోవాళ్ల చేత రెండుసార్లు ‘ఇక చాలు’ అనిపించుకున్నాను. పరీక్ష విధానం మీకందరికీ తెలిసిందే కనుక దాని జోలికి పోను. నేను దెబ్బతిన్న చోటు గురించి మాత్రం వివరంగా రాస్తాను, ఎందుకంటే సరిగ్గా అక్కడే ఆగిపోయినవారు కోచింగ్‌లో నా చుట్టూ ఉన్న బెంచీల్లోనే నలుగురైదుగురు కనిపించారు.

నేను సివిల్ ఇంజనీరును. తెనాలి దగ్గర పల్లెలో పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివి, 2014లో బీటెక్ పూర్తి చేసి, అప్పటి నుంచి రోడ్లు, వంతెనల పనుల్లోనే ఉన్నాను. పాయింట్ల లెక్క వేసుకుంటే వయసుకు 30, డిగ్రీకి 15, ఎనిమిదేళ్లు దాటిన అనుభవానికి 15, నా భార్యకు కాంపిటెంట్ అనే కనీస స్థాయి ఇంగ్లీషు ఉంటే ఆమె తరఫున 5. అన్నీ కలిపి 65. దరఖాస్తుకు అర్హత కూడా 65తోనే మొదలవుతుంది కానీ, ఆహ్వానాలు ఎక్కువ పాయింట్లున్నవారి నుంచి కిందికి దిగుతూ వస్తాయి కనుక ఆ 65 గుమ్మం దగ్గర నిలబడడానికే పనికివస్తుంది. వయసు తగ్గించుకోలేము, అనుభవం ఒక్క రోజులో పెంచుకోలేము. మన చేతుల్లో మిగిలేది ఇంగ్లీషు ఒక్కటే.

2024 ఆగస్టులో ఐఈఎల్‌టీఎస్ జనరల్ అనే మరో ఇంగ్లీషు పరీక్ష రాశాను, అందులో మార్కులు 9 దాకా బ్యాండ్లలో ఇస్తారు. లిజనింగ్ 8.5, రీడింగ్ 8.5, స్పీకింగ్ 7.5, రైటింగ్ 6.5, ఓవరాల్ 8. మా నాన్నగారు ఊళ్లో కనిపించినవారందరికీ ‘మావాడికి ఎనిమిది వచ్చింది’ అని చెప్పారు. ఎనిమిది అంటే ఏమిటో ఎవరికీ తెలియకపోయినా అందరూ సంతోషించారు, అమ్మ సున్నుండలు పంపింది. మరునాడు ఆ కాగితం పట్టుకుని హైదరాబాదులో ఒక కన్సల్టెన్సీకి వెళ్లాను. అక్కడి అబ్బాయి దాన్ని అర నిమిషం చూసి, ‘ఓవరాల్ ఎవరూ చూడరు సార్, మీది ఆరున్నర ఇంగ్లీషండీ’ అంటూ రైటింగ్ గడి చుట్టూ పెన్నుతో సున్న చుట్టి, పక్కన పాయింట్లు అని రాసి, దాని ఎదురుగా ఇంకో సున్న పెట్టాడు.

అతను చెప్పింది అక్షరాలా నిజం. నాలుగు విభాగాల్లోనూ కనీసం 6 ఉంటే కాంపిటెంట్, దానికి పాయింట్లేమీ లేవు. నాలుగింటిలోనూ 7 ఉంటే ప్రొఫిషియెంట్, 10 పాయింట్లు. నాలుగింటిలోనూ 8 ఉంటే సుపీరియర్, 20 పాయింట్లు. సగటుకు ఇందులో చోటు లేదు. మా డెల్టాలో కాలువ ఎంత వెడల్పున్నా చేలోకి పారేది తూము పట్టినంత నీరే, ఇదీ అంతే. నా తూము రైటింగ్. విచిత్రం ఏమిటంటే, ఇంజనీర్స్ ఆస్ట్రేలియా చేసే నైపుణ్య మదింపుకు ఒక్కో విభాగంలో 6 ఉంటే చాలు కనుక, పాయింట్ల దగ్గర చిల్లిగవ్వ విలువ చేయని అదే కాగితం అక్కడ నిక్షేపంగా చెల్లింది. చేసిన పనులను వివరించే మూడు కెరీర్ ఎపిసోడ్లు రాసి ఆ మదింపు పూర్తి చేసుకున్నాను. కాబట్టి సున్నా పాయింట్ల ఫలితాన్ని కోపంతో చింపి పారేయకండి.

కెనడా వైపు వెళ్లేవారికి ఈ దెబ్బ ఇంకా గట్టిగా తగులుతుంది. నాతో చదివిన ఒక స్నేహితుడు, పెళ్లికాని మాస్టర్స్ పట్టభద్రుడు, మూడేళ్లు దాటిన అనుభవం ఉన్నవాడు, లిజనింగ్‌లో 8, రీడింగ్, స్పీకింగ్‌లలో 7 తెచ్చుకుని రైటింగ్‌లో మాత్రం 6.5 దగ్గర ఆగిపోయాడు. కెనడా వలసకు వాడే ఎక్స్‌ప్రెస్ ఎంట్రీ పాయింట్ల లెక్కలో రైటింగ్ సీఎల్‌బీ అనే భాషా స్థాయి 9 నుంచి 8కి పడినందుకు 31కి బదులు 23 వచ్చి 8 పోయాయి. నాలుగూ 9కి చేరనందుకు చదువుతో ముడిపడిన 50లో 25, విదేశీ అనుభవంతో ముడిపడిన 50లో 25 కూడా పోయాయి. అర బ్యాండు ఖరీదు 58 పాయింట్లు.

నేను ఐఈఎల్‌టీఎస్ వదిలి పీటీఈకి మారాను. రైటింగ్ దిద్దే మనిషిని ఒప్పించడం కన్నా యంత్రాన్ని ఒప్పించడం తేలిక అన్న మాట కోచింగ్‌లో బాగా వినిపించేది, నేనూ నమ్మాను. 2025 ఏప్రిల్‌లో నేనూ నా భార్యా ఒకే వారంలో రాశాం. ఆమెకు కావలసింది నాలుగింటిలోనూ 50 మాత్రమే. అన్నింటిలోనూ 65 దాటి వచ్చేసింది. నాకు లిజనింగ్ 84, రీడింగ్ 81, స్పీకింగ్ 90, రైటింగ్ 78. అప్పటి లెక్కలో సుపీరియర్‌కు నాలుగింటిలోనూ 79 ఉండాలి. ఒక్క మార్కుతో 10 పాయింట్లు పోయాయి.

ఆ 78ని నేను చాలా రోజులు ఫోనులో తెరిచి చూస్తూ ఉండేవాణ్ణి. ఎస్సేలో ఎక్కడో తప్పు చేసి ఉంటానని నిశ్చయించుకుని, నెల రోజుల పాటు రోజుకు రెండు ఎస్సేల చొప్పున రాశాను. 250 మాటలు, ఇరవై నిమిషాలు, టెంప్లేట్లు బట్టీ. మాక్ టెస్టుల్లో రైటింగ్ 76, 78, 77 అని అక్కడే తచ్చాడుతూ ఉండేది. తప్పు ఎస్సేలో లేదు. అది ఎక్కడుందో నా భార్య కనిపెట్టింది, అదీ అనుకోకుండా.

ఒక ఆదివారం ఆమె నాకు రైట్ ఫ్రమ్ డిక్టేషన్, అంటే విన్న వాక్యాన్ని విన్నట్టే రాసే పీటీఈ ప్రశ్న, చెబుతోంది. ‘ది రిజల్ట్స్ ఆఫ్ ది సర్వే విల్ బీ పబ్లిష్డ్ ఇన్ ఎ జర్నల్’ అని చదివింది. నేను రాసిన కాగితం తీసుకుని నవ్వి, ‘ఏవండీ, మీరు రాసిందే పైకి చదవండి’ అంది. ‘రిజల్ట్స్ ఆఫ్ సర్వే విల్ బీ పబ్లిష్ ఇన్ జర్నల్.’ పదకొండు మాటల్లో మూడు కనబడకుండా పోయాయి, ఒకటి తోక తెగి మిగిలింది. అర్థం మాత్రం చుక్క కూడా ఒలకలేదు! ‘సర్వే ఫలితాలను పత్రికలో ప్రచురిస్తారు’ అన్న తెలుగు వాక్యంలో ‘ది’, ‘ఎ’ అనేవాటికి చోటే లేదు కదా. నా చెవి వినేది ఇంగ్లీషే అయినా, లోపల దాచుకునేది తెలుగు చేసుకుని, మళ్లీ చేతికి ఇచ్చేటప్పుడు ఇంగ్లీషు చేస్తోంది. మాట చివరి హల్లు సంగతీ అంతే. మనది అజంత భాష. బస్సు, టెస్టు, పోస్టు అని ప్రతి మాటకూ చివర ఒక అచ్చు తగిలించుకుంటే తప్ప నోటికి తృప్తి ఉండదు. అలాంటి నోటికి అలవాటుపడిన చెవికి ‘పబ్లిష్డ్’ చివరి హల్లు గాలిలో కలిసిపోతుంది.

ఈ విభాగంలో మార్కు వాక్యానికి కాదు, మాటకు. పైగా ఆ మార్కు లిజనింగ్‌కూ రైటింగ్‌కూ రెండింటికీ వెళుతుంది. నేను లిజనింగ్‌లో 84 చూసి చెవికి ఢోకా లేదనుకున్నాను, రైటింగ్‌ను అక్కడే చెదలు తింటున్న సంగతి గమనించలేదు. ఆ రోజు నుంచి ఎస్సేలు వారానికి రెండుకు తగ్గించి, రోజూ ఇరవై వాక్యాలు డిక్టేషన్ పెట్టుకున్నాను. వాక్యం వింటున్నంతసేపూ ఒక్కో మాటకు ఒక్కో వేలు మడవడం, తరువాత ప్రతి మాటకూ మొదటి అక్షరం మాత్రం వరుసగా గీసుకోవడం, ఆ తరువాతే పూర్తి వాక్యం రాయడం. వేళ్ల లెక్క పదకొండు అని, కాగితం మీద ఎనిమిదే ఉంటే ఏవో ‘ది’లు జారిపోయాయని వెంటనే తెలిసేది. మొదటి వారం నోటుబుక్కులో ఎర్ర సిరా తప్ప ఏమీ కనబడలేదు. ఆరో వారానికి పేజీకి రెండు మూడు ఎర్ర గీతలు మిగిలాయి. మా ఆరేళ్ల కూతురు కూడా అన్నం తింటూ వేళ్లు మడవడం మొదలుపెట్టింది.

ఇంతలో కొత్త స్కోర్ల వార్త వచ్చింది. 2025 ఆగస్టు 7 నుంచి రాసే పీటీఈలకు సుపీరియర్ అంటే లిజనింగ్ 69, రీడింగ్ 70, రైటింగ్ 85, స్పీకింగ్ 88. అంతకు ముందు రాసినవాటికి పాత లెక్కే వర్తిస్తుంది. పాత 79తోనే బయటపడాలని కోచింగ్‌లో అందరూ ఎగబడ్డారు, నేనూ జూలై చివర తేదీ దొరికిందే చాలని కట్టేశాను. అది నా తెలివితక్కువతనం. సైటులో స్లాబు పని ముగించుకుని రాత్రి రెండింటికి ఇల్లు చేరి, ఉదయం తొమ్మిదికి పరీక్షలో కూర్చున్నాను. పక్క క్యాబిన్‌లో ఒకాయన బార్ గ్రాఫును హరికథలాగా గొంతెత్తి చెబుతుంటే, విన్న వాక్యాన్ని తిరిగి పలికే రిపీట్ సెంటెన్స్‌లో మాట తడబడి ఆగాను, మూడు సెకన్ల నిశ్శబ్దానికి మైకు మూసుకుపోయింది. ఒకసారి కాదు, మూడుసార్లు. రైటింగ్ 83 వచ్చింది, స్పీకింగ్ 73కు పడింది. ఏప్రిల్ స్పీకింగ్ 90, జూలై రైటింగ్ 83 కలిపి చూపించుకోవచ్చా అని అడిగేవారు నాలాగే చాలామంది ఉంటారు కనుక చెబుతున్నాను: కుదరదు, నాలుగూ ఒకే పరీక్షలో రావాలి.

నవంబరు పరీక్ష గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. ముందు రెండు రోజులు సెలవు పెట్టి నిద్రపోయాను. డిక్టేషన్‌లో ప్రతి వాక్యానికీ వేళ్లు మడిచాను. కొత్త లెక్కలో లిజనింగ్, రీడింగ్ భారం బాగా తగ్గి రైటింగ్, స్పీకింగ్ భారం పెరిగింది కనుక, రీడింగ్‌లో వాక్యాలను వరుసలో పెట్టే రీఆర్డర్ పేరాగ్రాఫ్స్ కోసం జుట్టు పీక్కునేవారు ఆ సమయాన్ని మైకు ముందు గడపడం మంచిది.

ఇక ఇంగ్లీషు మీడియంలో బీటెక్ చదివినవాడివి నాలుగుసార్లు రాయడమేమిటని అడిగిన బంధువులకు ఇక్కడే జవాబు చెప్పుకుంటాను. నేను పదేళ్లుగా కన్సల్టెంట్లతో, క్లయింట్లతో ఇంగ్లీషులోనే ఉత్తరప్రత్యుత్తరాలు నడుపుతున్నాను, ‘ది’ లేదని ఏ వంతెనా కూలలేదు. పరీక్ష వేరు, వ్యవహారం వేరు. అయినా నా బద్ధకాన్ని కప్పిపుచ్చుకోను. మొదటి ఆరు నెలలు రాత్రి పదకొండు దాకా ఫోను చూసి, ‘సైటు పనితో సమయం దొరకడం లేదు’ అని అందరికీ చెప్పినవాణ్ణి నేనే. ఉదయం నాలుగున్నరకు లేవడం మొదలుపెట్టాక సమయం ఎక్కడి నుంచో పుట్టుకొచ్చింది. వారానికి ఆరు రోజులు, రోజుకు గంటంపావు, అంతకన్నా ఒక్క నిమిషం ఎక్కువ చదవలేదు. ఉద్యోగం మానేసి చదువుతామనేవారికి నేను సలహా ఇవ్వలేను, అంత ధైర్యం నాకు లేదు.

తెలుగువారిగా మనకున్న ఒక వెసులుబాటు చెప్పకుండా ముగిస్తే అన్యాయం. ఆస్ట్రేలియాలో అనువాదకులకు గుర్తింపునిచ్చే నాటీ సంస్థ నిర్వహించే సీసీఎల్ అనే మౌఖిక అనువాద పరీక్షలో తెలుగు ఉంది, నెగ్గితే 5 పాయింట్లు. రెండు సంభాషణలు, 90 మార్కులకు 63 రావాలి, ఒక్కో సంభాషణలో 45కు 29 తగ్గకూడదు. మాతృభాషే కదా అని వెళ్లేవారు జాగ్రత్త. ‘ఇన్సూరెన్స్ క్లెయిమ్ రిజెక్ట్ అయింది’ తప్ప మరో తెలుగు నా నోటి నుంచి రావడం లేదని మొదటి ప్రాక్టీసులోనే తెలిసింది. ‘బీమా పరిహారం తిరస్కరించారు’ అనడానికి నెల రోజులు దినపత్రికను పైకి చదవవలసివచ్చింది. ఇంగ్లీషు వింటే తెలుగు అడ్డం వచ్చేది, తెలుగు మాట్లాడబోతే ఇంగ్లీషు అడ్డం వచ్చేది! ఫిబ్రవరిలో ఒక్కసారికే గట్టెక్కాను.

ఇప్పుడు నా లెక్క 90. ఆశించిన స్కోరును ముందే ఈఓఐలో, అంటే ఆహ్వానం కోసం పెట్టుకునే ఆసక్తి పత్రంలో, వేసేయమని సలహా ఇచ్చేవారు ఉంటారు. ఆ మాట వినకండి. ఆహ్వానం వచ్చే నాటికే పరీక్ష రాసి ఉండాలి, ఆ పరీక్ష అంతకు ముందు మూడేళ్ల లోపుది అయి ఉండాలి, చెప్పుకున్న పాయింట్లు కాగితంతో రుజువు కాకపోతే దరఖాస్తు తిరస్కరణకు గురవుతుంది, కట్టిన రుసుమూ పోతుంది. ఇంట్లో కూర్చుని రాసే ఆన్‌లైన్ పరీక్షలు అసలు చెల్లవు. ఇంకొక సంగతి: సమాన పాయింట్లున్నవారిలో ఆ పాయింట్లకు ముందుగా చేరినవారికే ముందు వరుస కనుక, ఫలితం రాగానే మార్చుకోవాలి. నేను ఆ రాత్రి పదకొండున్నరకు ఇంగ్లీషు గడిలో సుపీరియర్ అని మార్చాను. వచ్చే జనవరిలో నాకు 33 నిండుతాయి, వయసు పాయింట్లు 30 నుంచి 25కు పడతాయి. ఆ లోగా పిలుపు వస్తే 90 మీద, లేకపోతే 85 మీద. ఏప్రిల్ ఫలితాన్ని పీటీఈ ఖాతా నుంచి హోం అఫైర్స్ శాఖకు పంపడం మరిచిపోయినవాణ్ణి కనుక, ఈసారి నా భార్య పక్కన కూర్చుని ఆ మీట నొక్కేదాకా లేవనివ్వలేదు.