పసుపు చుక్క పక్కన నీలం చుక్క

ఈ రోజు ఆరేడేళ్ల పిల్లలకి చుక్కల పెయింటింగ్. ఆకు బొమ్మ గీసిచ్చి లోపలంతా ఆకుపచ్చ చుక్కలు, పువ్వు గీసిచ్చి లోపలంతా ఎర్ర చుక్కలు పెట్టించడం చాలాచోట్ల చూస్తుంటాం. అది చుక్కలతో రంగు నింపడమే, పాయింటిలిజం కాదు. పాయింటిలిజం అనే చుక్కల పద్ధతిలో రెండు వేరే రంగుల చుక్కలు పక్కపక్కనే ఉండి, దూరం నుంచి చూస్తే కంట్లో మూడో రంగుగా కలవాలి. ఆ ఒక్క సంగతీ పిల్లలు కళ్లారా చూస్తే చాలు, చుక్కలు పెట్టే ఓపిక దానంతటదే వస్తుంది.

అందుకే ముందు బొమ్మ వద్దు. అరచేయంత చదరంలో పసుపు చుక్కలు, అవి ఆరాక మధ్య ఖాళీల్లో ఎర్ర చుక్కలు. గోడకి అంటించి వెనక్కి నడవమంటే నారింజ కనిపిస్తుంది. మొదటిసారి ఈ జంటే మంచిది. పసుపూ నీలం చుక్కలు పెట్టించి ఆకుపచ్చ వస్తుందని చెప్తే మాత్రం, పిల్లలకి కనిపించేది బూడిద రంగు. పళ్లెంలో కలిపితే ఆకుపచ్చ వచ్చే మాట నిజమే. అక్కడ రెండు రంగులూ చెరికాస్త వెలుగు మింగేస్తాయి, రెండూ మింగకుండా వదిలిన ఆకుపచ్చ మనకి కనిపిస్తుంది. చుక్కల దగ్గర ఒకదాని వెలుగుని ఇంకోటి మింగదు. రెండింటి వెలుగూ కంటికి చేరి సగటు అవుతుంది. వెలుగు లెక్కలో పసుపూ నీలం దాదాపు ఎదురెదురు రంగులు, అంటే కలిస్తే ఒకదాని రంగుని ఇంకోటి చెరిపేసేవి కాబట్టి ఆ సగటు బూడిదవైపే పోతుంది. గడ్డి వెయ్యాలంటే ఆకుపచ్చ చుక్కలే పునాదిగా పెట్టి, ఎండ పడ్డచోట పసుపు, నీడలో నీలం చేర్చాలి. ఫ్రెంచ్ చిత్రకారుడు జార్జ్ సెరా 1884-86 మధ్య వేసిన 'లా గ్రాండ్ జాట్' బొమ్మలో కూడా ఎండ పడ్డ గడ్డిని దగ్గరగా చూస్తే ఆకుపచ్చ మీద పసుపు, నారింజ చుక్కలే.

వెనక్కి ఎంత దూరం నడవాలి? మామూలు చూపున్నవాళ్లకి ఒక మిల్లీమీటరు చుక్క సుమారు మూడున్నర మీటర్ల దాకా విడిగా తెలుస్తుంది. పిల్లలు చుక్కలు పెట్టే ఇయర్ బడ్ (దూది పుల్ల) చుక్క 4, 5 మిల్లీమీటర్లు ఉంటుంది. అంటే పూర్తిగా కలవడానికి పద్నాలుగు మీటర్ల పైనే కావాలి! రంగుల తేడా అంతకంటే ముందే కరగడం మొదలవుతుంది గానీ, చిన్న గదిలో ఆ దూరం కూడా దొరకదు. పిల్లల్ని కళ్లు సగం మూసి చూడమనాలి, లేదా ఫోన్లో ఫొటో తీసి చిన్నది చేసి చూపించాలి. కాస్త పెద్ద పిల్లలైతే మొన అరగదీసిన టూత్‌పిక్ ఇవ్వచ్చు. చుక్క ఒకటి రెండు మిల్లీమీటర్లకి దిగుతుంది.

కాగితం పోస్ట్‌కార్డంత చాలు. 10×15 సెంటీమీటర్లలో, చుక్కకీ చుక్కకీ అయిదు మిల్లీమీటర్ల లెక్కన, 600 చుక్కలు పడతాయి. అదే ఏ4 అయితే దాదాపు 2,500. సగం కాకముందే చేయి అలిసిపోతుంది, ఇక చుక్కలు గీతలైపోతాయి. పిల్లలకి పెద్ద కాగితం ఇవ్వడం ఉదారంగా కనిపిస్తుంది గానీ, ఈ పనిలో అది వాళ్లకి అన్యాయమే.

పోస్టర్ రంగులో నీళ్లు బాగా తక్కువ. బడ్ పైకెత్తితే రంగు కారకూడదు, కారిందంటే చుక్క పాకి పక్కదాన్ని తాకుతుంది. ముంచాక గిన్నె అంచుకి ఒకసారి ఒత్తి, మూడు నాలుగు చుక్కలు పెట్టి మళ్లీ ముంచాలి. బడ్ నిలువుగా పట్టుకోవాలి. వాలిస్తే చుక్కకి తోక వస్తుంది. రంగుకో బడ్ విడిగా ఉండాలి, ఎరుపు అంటిన బడ్ ఒక్కసారి పసుపు గిన్నెలో పడితే ఆ గిన్నెలో ఇక శుద్ధమైన పసుపు లేనట్టే. దూది రేగితే వెంటనే మార్చాలి. కుడిచేతి పిల్లలు పై ఎడమ మూల నుంచి, ఎడమచేతి పిల్లలు పై కుడి మూల నుంచి మొదలుపెడితే తడి చుక్కల మీద చేయి ఆనదు.

నల్ల రంగు ఈ రోజు బల్ల మీద పెట్టలేదు. వచ్చే క్లాసులో నీడలు ఉన్నాయి, అప్పుడూ పెట్టను. నీలం, ఊదా చుక్కలు దగ్గర దగ్గరగా పెడితే నీడ వస్తుంది, వాటి మధ్య అక్కడక్కడా ఒక నారింజ చుక్క పడితే ఆ నీలం ఇంకా గాఢంగా తోస్తుంది.