దుగ్గిరాల దగ్గర ఒక బడితోట

పోయిన కార్తీకంలో ఒకరోజు పొద్దున్నే విజయవాడలో తెనాలి వైపు వెళ్ళే పాసింజరు ఎక్కాను. బండి కృష్ణ వంతెన మీదికి రాగానే కుడివైపు ప్రకాశం బ్యారేజి కనిపించింది. 1855లో పూర్తయిన పాత ఆనకట్ట స్థానంలో 1957లో వాడుకలోకి వచ్చిన ఈ బ్యారేజి నుంచే పశ్చిమ డెల్టా కాలువలకు నీళ్ళు వెళ్తాయి. నేను చూడబోయే బడితోట మంచిచెడ్డలు కూడా ఆ కాలువలతోనే ముడిపడి ఉన్నాయని అప్పటికి నాకు తెలియదు. దుగ్గిరాలలో దిగి షేరాటో ఎక్కాను. దారి పొడవునా ఒకవైపు కంకి వంచిన వరి, మరోవైపు నడుమెత్తు పెరిగిన పసుపు.

బడి కాలువ కట్టను ఆనుకుని ఉంది. ప్రహరీ లోపల, మరుగుదొడ్ల వెనక, ఒకప్పుడు విరిగిన బెంచీలు పడేసిన ఎనిమిది సెంట్ల స్థలంలో ఈ తోట వేశారు. దీన్ని మొదలుపెట్టిన సోషల్ మాస్టారికి సొంతానికి పసుపు సాగు ఉంది. "మీరేదో పెద్ద పొలం అనుకుని వచ్చినట్టున్నారు" అని ఆయన నవ్వారు. నిజానికి నేను అలాగే అనుకున్నాను.

ఆరు నుంచి ఎనిమిది తరగతుల దాకా ఇక్కడ 140 మంది పిల్లలు మధ్యాహ్నం భోంచేస్తారు. ఆ తరగతుల్లో ఒక్కొక్కరికి రోజుకు 150 గ్రాముల బియ్యం, 30 గ్రాముల పప్పు, 75 గ్రాముల కూరగాయలు పెట్టాలన్నది మధ్యాహ్న భోజన పథకం లెక్క. అంటే కూరగాయలే రోజుకు పదిన్నర కిలోలు కావాలి. పందిళ్ళూ నడిచే దారులూ పోగా మిగిలిన నేల ఏడాది పొడవునా అంత ఇవ్వలేదని మాస్టారు మొదటి ఏడే గ్రహించారు. వంకాయ, టమాటా, దోసకాయ బజారు నుంచే వస్తాయి. తోట పూచీ పడేది ఆకుకూరలకు మాత్రమే. ఈ తెలివిడి నాకు ఎంతో నచ్చింది, ఎందుకంటే బడితోటల గురించి రాసేవాళ్ళు చాలామంది అక్కడ పండినదాంతోనే పిల్లల కడుపు నిండుతోందన్నట్టు రాస్తారు. పొద్దున తెచ్చిన ఆకుకూర మధ్యాహ్నానికి వడలిపోతుంది కాబట్టి, బజారు సరుకు మీద వంటవాళ్ళకు నమ్మకం కుదరనిది కూడా అక్కడే.

పంటల ఎంపికంతా బడి క్యాలెండరును బట్టే జరుగుతోంది. వేసవి సెలవులు ఇవ్వడమూ, కాలువలు కట్టేయడమూ దాదాపు ఒకేసారి జరుగుతాయి. నీళ్ళూ ఉండవు, పోసే చేతులూ ఉండవు. మొదటి ఏడు వేసిన బీరపాదులు ఆ రెండు నెలల్లోనే పందిరి మీద ఎండి గలగలలాడాయట. అందుకని ఇప్పుడు జూన్ 12న బడి తెరవగానే తోటకూర, గోంగూర చల్లుతారు. తోటకూర నెల తిరక్కుండానే కోతకు వస్తుంది, గోంగూర చివళ్ళు గిల్లినకొద్దీ చిగురిస్తుంది. ఎండలకు తట్టుకుని నిలిచేవి మునగ, కరివేపాకు. చేతులు కడిగే కుళాయిల దగ్గర పిల్లలు పళ్ళేలు కడిగిన నీళ్ళు బోదె వెంట బచ్చలి మళ్ళలోకి పారుతున్నాయి. అక్కడ సబ్బు వాడనివ్వరు.

నేను వెళ్ళేసరికి ఆరో తరగతి పిల్లలు మొక్కలకు ఎరువుగా పోసే జీవామృతం లెక్క వేస్తున్నారు. ఎకరానికి 200 లీటర్ల నీళ్ళలో పది కిలోల పేడ, పది లీటర్ల ఆవు మూత్రం, రెండేసి కిలోల బెల్లం, పప్పుల పిండి, గుప్పెడు గట్టు మట్టి కలుపుతారు. మరి ఎనిమిది సెంట్లకు ఎంత? నీళ్ళు 16 లీటర్లని చాలామంది చటుక్కున చెప్పారు. బెల్లం దగ్గర మాత్రం తగువొచ్చింది. 160 గ్రాములని తేలాక, తూచగా మిగిలిన ముక్క ఎవరిదన్న దాని మీద ఇంకో తగువు నడిచింది.

పిల్లల చేత పని చేయిస్తున్నారని ఒక తండ్రి తగాదాకు వచ్చిన మాట కూడా మాస్టారు దాచలేదు. నిజమేనని నాకూ అనిపించింది. చదువుకోవడానికి పంపిన పిల్లవాడు పార పట్టుకుని కనిపిస్తే ఏ ఇంట్లోనైనా అడుగుతారు. ఇప్పుడు తరగతికి వారానికి ఒక్క పీరియడే తోట. తవ్వకం పెద్దవాళ్ళదే.

పదిన్నరకు గోంగూర కోశారు. ఎనిమిదో తరగతి అమ్మాయి తట్టను తూకానికి పెట్టి, అట్ట ఊడిన నోటుపుస్తకంలో "6 కిలోల 400" అని రాసుకుంది. పిల్లలంతా పెద్దక్క అని పిలిచే వంటామె గోంగూరను రెండు నీళ్ళలో కడిగి, ఈనెలు తుంచి, ఉడుకుతున్న కందిపప్పులో వేసింది. "బజారు ఆకైతే ఇసక వదలడానికి నాలుగు నీళ్ళు కావాలయ్యా" అంది. ఆమె నాకు చెప్పిన ఒకే ఒక్క మెప్పుమాట అది. 2001 నవంబరు 28న సుప్రీంకోర్టు బడుల్లో వండిన అన్నమే పెట్టాలని ఆదేశించింది. అంతకుముందే బడి దాటిన నేను చల్లారిన క్యారేజీ అన్నమే తిని చదువుకున్నాను కాబట్టి, పిల్లల వరుసలో కూర్చుని వేడివేడిగా ఆ పప్పన్నం తింటుంటే ఏదో చిన్న ఈర్ష్య కలిగింది. పులుపు మా ఇంట్లోకన్నా ఒక పాలు ఎక్కువే.

భోజనాలయ్యాక ఆ నోటుపుస్తకం అడిగి తీసుకుని చూశాను. పేజీకి రెండు గళ్ళు ఉన్నాయి: "వంటకు", "పురుగు వంతు". సెప్టెంబరులో బెండ వరుసలో పురుగు వంతు గడి నిండా అంకెలే ఉన్నాయి. అవి పురుగు తిన్నవి కావు, తెల్లదోమ మోసుకొచ్చిన పల్లాకు తెగులుతో ఈనెలు పసుపెక్కి, గిడసబారిపోయిన మొక్కలవని మాస్టారు చెప్పారు. ఒక మొక్కకు కనబడగానే పీకేస్తే సరిపోయేదట. పిల్లలకు మనసొప్పక రెండు రోజులు నీళ్ళు పోసి చూశారట.

బయల్దేరుతుంటే ఆ అమ్మాయి గోంగూర కట్ట ఒకటి నా చేతిలో పెట్టబోయి, మళ్ళీ వెనక్కి తీసుకుని తూకానికి పెట్టింది. 300 గ్రాములు. ఏ గడిలో రాయాలో తోచక కాసేపు పెన్సిలు కొరుకుతూ నిలబడి, స్కేలు పెట్టి మూడో గీత గీసి, పైన "చుట్టాలు" అని రాసింది.