మావి చేయాల్సిన హార్మోన్ నా ఒంట్లో

మొదట నొప్పి తెలిసింది ఛాతీలో. ఎడమ చనుమొన కింద బఠాణీ గింజంత గట్టిగా ఏదో తగిలేది. చొక్కా రాసుకున్నా జివ్వుమనేది. అప్పటికి నాకు 29 ఏళ్లు. సిగ్గుతో రెండు నెలలు ఎవరికీ చెప్పకుండా వదులు చొక్కాలు వేసుకుని తిరిగాను. కుడి వృషణం గట్టిపడి బరువెక్కిందని స్నానం చేస్తుంటే తెలుస్తూనే ఉంది. కానీ నొప్పి లేదు కదా అని వదిలేశాను. ఈ రెండూ ఒకటే జబ్బని నాకేం తెలుసు?

చివరికి నా భార్య కంట పడింది. "ఇదేంటండీ, ఇక్కడ ఇలా వాచింది?" అంది. మర్నాడే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లింది. ఆయన ఛాతీ చూసి, వెంటనే వృషణాలు కూడా పరీక్షించారు. స్కానింగ్‌లో వృషణంలో గడ్డ కనిపించింది, క్యాన్సర్ అన్నారు. రక్తపరీక్ష కాగితం మీద హెచ్‌సీజీ అనే హార్మోన్ 3,200 అని ఉంది. మగవాళ్లలో మామూలుగా అది 5 దాటదు.

గర్భం వచ్చిందా లేదా అని చూసే స్ట్రిప్ మీద గీత తెప్పించేది ఈ హెచ్‌సీజీయే. దాన్ని కడుపులో బిడ్డకి ఆహారం అందించే మావి తయారు చేస్తుంది. మరి నా ఒంట్లోకి ఎలా వచ్చిందని అడిగితే డాక్టర్ ఓపిగ్గా చెప్పారు. దానికే ప్రత్యేకమైన భాగాన్ని తయారు చేసే జన్యువులు మగవాళ్లకీ ఉంటాయట, 19వ క్రోమోజోమ్ మీద. అవి దాదాపు నిద్రలోనే ఉంటాయి. ఈ క్యాన్సర్ ఎక్కువగా వీర్యకణాలకి మూలమైన బీజకణాల్లో పుడుతుంది. వాటిలో కొన్ని మావి కణాల్లా మారిపోతే ఆ జన్యువులు మేలుకుంటాయి. హెచ్‌సీజీ పోలిక వృషణాన్ని పని చేయించే ఎల్‌హెచ్ హార్మోన్‌ది కాబట్టి, దాని మాట విని వృషణం ఆడ హార్మోన్ ఈస్ట్రోజెన్‌ని ఎక్కువగా చేస్తుంది. అందుకే నా ఛాతీ వాచింది. కారణం తెలిశాక, భయం అలాగే ఉన్నా, సిగ్గు మాత్రం పోయింది.

ముందే వీర్యం భద్రపరిపించి, గజ్జ దగ్గర కోసి వృషణం తీసేశారు. ఆ తర్వాత నా ధ్యాసంతా ఆ అంకె మీదే. గడ్డ పూర్తిగా పోతే హెచ్‌సీజీ ఒకటి, ఒకటిన్నర రోజులకోసారి సగానికి పడిపోవాలి. ఆ లెక్కన వారం తిరిగేసరికి నూట ముప్పై లోపుకి రావాలి. నాకు 410 వచ్చింది. తగ్గిందిగా అని అమ్మ సంతోషపడింది. డాక్టర్ ముఖం చూసి నాకు నోరు తడారిపోయింది. సీటీ స్కాన్‌లో పొట్ట వెనక లింఫ్ గ్రంథులు వాచి ఉన్నాయి, క్యాన్సర్ అక్కడికి పాకింది.

మూడు విడతల కీమో, విడతకి 21 రోజులు. బ్లియోమైసిన్, ఎటొపొసైడ్, సిస్‌ప్లాటిన్. 1970ల్లో సిస్‌ప్లాటిన్ వాడకం మొదలయ్యాకే, పాకిపోయిన వృషణ క్యాన్సర్ కూడా ఎక్కువమందికి నయమవడం మొదలైంది. ఆ వాంతులు, జుట్టు రాలడం గురించి ఇప్పుడు రాయాలని లేదు. చెవుల్లో సన్నని హోరు మాత్రం ఇంకా ఉంది. రెండో విడత అయ్యేసరికి హెచ్‌సీజీ 5 లోపుకి వచ్చింది. మూడోది అయ్యాక తీసిన స్కాన్‌లో గ్రంథులు మామూలు సైజుకి వచ్చేశాయి.

ఎనిమిది నెలల తర్వాత ఒక పరీక్షలో హెచ్‌సీజీ మళ్లీ 6 అని వచ్చింది. ఆ రాత్రి ఇద్దరం నిద్రపోలేదు. డాక్టర్ మాత్రం వెంటనే కీమో అనలేదు. నా మగ హార్మోన్ టెస్టోస్టిరాన్ బాగా తక్కువగా ఉంది. అలాంటప్పుడు వృషణాన్ని పని చేయించాలని మెదడు కింది పిట్యూటరీ గ్రంథి ఎల్‌హెచ్‌ని పెంచుతుంది, దాంతోపాటు కాస్త హెచ్‌సీజీని కూడా వదులుతుంది. అలా వచ్చిందైతే టెస్టోస్టిరాన్ ఇస్తే దిగిపోవాలన్నారు. ఇంజెక్షన్ ఇచ్చారు. ఆ మధ్యలో గడిచిన రోజుల టెన్షన్ కీమో రోజుల్లో కూడా పడలేదు.

మళ్లీ పరీక్ష చేయించాం. కాగితం నా చేతికివ్వకుండా నా భార్యే తీసుకుని, వేలు పెట్టి ఆ వరుస వెతికింది. "ఒకటి కన్నా తక్కువండీ" అని, మళ్లీ మొదటి నుంచి చదివింది.