నోరు కట్టుకుని మూడేళ్ళ ఎనిమిది నెలలు

"పొట్ట కోయించుకోవడమేంటే! కాస్త నోరు కట్టుకోలేవూ?"

తెనాలి నుంచి అమ్మ ఫోన్లో అన్న మొదటి మాట ఇది. 2018 నవంబరు. ఆ మధ్యాహ్నమే ఇక్కడ ఇంగ్లండ్‌లో మా జీపీ, అంటే ఫ్యామిలీ డాక్టరు, నన్ను బరువు తగ్గించే సర్జరీకి రాస్తానన్నాడు. వచ్చే నెలలోనే ఆపరేషన్ అన్నంత కంగారుగా అమ్మకు చెప్పాను. అమ్మ కూడా అంతే కంగారుగా, అయిపోయేదాకా చుట్టాలెవరికీ చెప్పొద్దంది. అది అయింది 2022 జూలైలో. అన్నాళ్ళు కడుపులో మాట దాచుకోవడం మా ఇంటావంటా లేదు.

అప్పటికి నాకు నలభై రెండేళ్ళు. ఎత్తు 157 సెంటీమీటర్లు, బరువు 112 కిలోలు, ఎత్తుకు తగ్గ బరువుందో లేదో చెప్పే బీఎంఐ 45. షుగరు నాలుగేళ్ళుగా, బీపీ రెండేళ్ళుగా. రెండు మూడు నెలల సగటు షుగరు చెప్పే హెచ్‌బీఏ1సీ ఇక్కడి లెక్కలో 74, మన దగ్గర చెప్పే లెక్కలో దాదాపు 8.9. బర్మింగ్‌హామ్‌కి గంట దూరంలో ఉంటాం. నేను సూపర్‌మార్కెట్లో బిల్లింగ్ కౌంటర్ మీద పనిచేస్తాను. మధ్యాహ్నం మూడింటికి స్కానర్ కిర్రుమంటూ ఉండగానే కళ్ళు మూతలు పడేవి. రాత్రి నా గురకకు మా ఆయన హాల్లో సోఫా మీదికి మారిపోయి ఏడాది దాటింది.

నోరు కట్టుకోవడం నేను ఎరగని పనేం కాదు. శనివారాలు ఒక్కపూట ఉన్నాను, అన్నం మానేసి జొన్నరొట్టె తిన్నాను, పరగడుపున నిమ్మరసం తేనె తాగాను, ఒక వేసవంతా ఉలవచారు మీద బతికాను. ప్రతిసారీ ఎనిమిది కిలోలు తగ్గడం, పది పెరగడం.

ఇంగ్లండ్‌లో ఎన్‌హెచ్‌ఎస్, అంటే ఇక్కడి ప్రభుత్వ వైద్య వ్యవస్థ, ఈ ఆపరేషన్ మన చేతి డబ్బు పడకుండా చేస్తుంది. బీఎంఐ 40 దాటినా, 35 దాటి షుగరులాంటి జబ్బు తోడున్నా అర్హులే. మన దక్షిణాసియా వాళ్ళకు తక్కువ బరువుకే షుగరు వస్తుంది కాబట్టి ఆ హద్దును ఇంకో రెండున్నర తగ్గించి చూడాలని తర్వాత మార్గదర్శకాల్లో చేర్చారు. అయితే అర్హత ఉంది కదా అని నేరుగా సర్జన్ దగ్గరికి పంపరు. ముందు టియర్ 3 అనే అంచె దాటాలి. డైటీషియన్, సైకాలజిస్టు, డాక్టరు కలిసి నెలల తరబడి చూస్తారు. ఆ తర్వాతే టియర్ 4, ఆపరేషన్ చేసే బృందం. రిఫర్ చేసిన 18 వారాల్లోపు చికిత్స మొదలవ్వాలన్నది ఎన్‌హెచ్‌ఎస్ పెట్టుకున్న గడువు. ఆ మాట నమ్మి క్యాలెండర్లో పద్దెనిమిదో వారం చుట్టూ ఎర్ర పెన్నుతో సున్నా చుట్టాను. టియర్ 3లో నా మొదటి అపాయింట్‌మెంటుకే ఏడు నెలలు పట్టింది.

అక్కడ ఇచ్చిన కంచం బొమ్మలో బ్రెడ్డు, పాస్తా, బంగాళాదుంప ఉన్నాయి. గోంగూర పప్పు అందులో ఏ గడిలోకి వస్తుందో డైటీషియన్‌కీ తెలీదు, నాకూ తెలీదు. ఆమె మంచి మనిషి. "మీరు తినేదే తూచి రాసుకురండి, చూద్దాం" అంది. వంటింటి త్రాసు కొన్నాను. ఆ రాత్రి ఎప్పట్లాగే కంచంలో అన్నం పెట్టుకుని, కలుపుకోబోయే ముందు గిన్నెలోకి తీసి తూచాను. 420 గ్రాములు. పెరుగులోకి పెట్టుకునేది ఇందులో చేరలేదు. మా ఆయనది తూచితే 300. ఆయన ఏమీ అనలేదు. ఆవకాయ జాడీకి మూత సరిగ్గా పట్టిందో లేదో చాలాసేపు చూస్తూ కూర్చున్నారు.

ఆ క్లినిక్ ఇంకో మూడు నెలల్లో పూర్తవుతుందనగా కోవిడ్ వచ్చిపడింది. 2020 మార్చి 17న ఎన్‌హెచ్‌ఎస్ నుంచి ఆసుపత్రులన్నిటికీ ఉత్తరం వెళ్ళింది, అర్జెంటు కాని ఆపరేషన్లన్నీ ఏప్రిల్ మధ్యకల్లా ఆపేయండి, కనీసం మూడు నెలలు అని. తప్పనలేను. ఊపిరాడని వాళ్ళకు మంచాలు కావాలి. కానీ అదే సమయంలో నాలాంటి లావుపాటి వాళ్ళకే ఆ జబ్బు ఎక్కువ ప్రమాదమని రోజూ టీవీలో చెప్పేవాళ్ళు. ఐసీయూ నుంచి బయటపడ్డ ప్రధాని బోరిస్ జాన్సన్ తన బరువే తన మీదికి తెచ్చిందని ఒప్పుకుని, బరువు తగ్గండని దేశానికంతటికీ చెప్పారు. సోఫాలో కూర్చుని విన్నాను. తగ్గడానికే కదయ్యా క్యూలో నిలబడింది అనుకున్నాను.

వెయిటింగ్ లిస్టులో ఉండటం ఒక జబ్బే. బయటివాళ్ళకు అర్థం కాదు, ఎందుకంటే అందులో చూపించడానికేమీ ఉండదు. తలుపు సందులోంచి ఉత్తరాలు పడే చప్పుడు వింటే గుండె జల్లుమనేది. కిటికీ ఉన్న తెల్ల కవరైతే తడి చేతులతోనే చింపేదాన్ని. సగం సార్లు అది పంటి డాక్టరు రిమైండరు. ఆసుపత్రి వాళ్ళ ఫోన్ నంబరు లేకుండా వస్తుంది. కౌంటర్ మీద ఫోన్ తీయకూడదు. ఒకసారి అలాంటి కాల్ మిస్సయితే బాత్రూంలోకి వెళ్ళి ఏడ్చాను. అది కరెంటు కంపెనీ వాళ్ళదని తర్వాత తెలిసింది.

ఇంకో బాధ ఎవరికీ చెప్పుకోలేనిది. తగ్గితే, నీకు ఆపరేషన్ ఎందుకమ్మా అని లిస్టులోంచి తీసేస్తారేమో. పెరిగితే, ఈమెకు శ్రద్ధ లేదు అంటారేమో. ప్రతి సోమవారం త్రాసు ఎక్కి, ఏ అంకె కనబడితే సంతోషించాలో తెలియక దిగేదాన్ని. చివరికి స్పెషలిస్టు నర్సునే అడిగేశాను. తగ్గితే తీసెయ్యరని, మొదటి రిఫరల్ నాటి బరువునే లెక్కలోకి తీసుకుంటారని చెప్పింది. మా దగ్గర పద్ధతి అది. మీ దగ్గర ఎలాగో మీరు అడగండి, ఊహించుకుంటూ కూర్చోకండి. నేను అలా ఊహించుకుంటూ పదకొండు నెలలు పాడుచేసుకున్నాను.

విజయవాడ నుంచి చెల్లి ప్రతి ఆదివారం అదే పాట. "అక్కా, ఇక్కడ మూడున్నర లక్షలట. శుక్రవారం చేరితే సోమవారం ఇంటికి. నువ్వక్కడ ఫ్రీ అని చెప్పి ముసలిదానివయ్యేదాకా కూర్చుంటావా?" విమానాలు మొదలయ్యాక టికెట్లు కూడా చూశాను. ఆగిపోయింది భయంతోనో, దేశభక్తి లేకనో కాదు. నేను తిరిగొచ్చాక ఏదైనా తేడా చేస్తే చూసేవాళ్ళెవరు? ఆపరేషన్ ఒక్కరోజు పని, దాని తర్వాత రక్తపరీక్షలు, విటమిన్లు జీవితాంతం. ఇక్కడ చేయించుకుంటే రెండేళ్ళు ఆ బృందమే చూస్తుంది. బయట చేయించుకొచ్చిన వాళ్ళు ఇక్కడ ఫాలోఅప్ కోసం తిరగడం మా కౌంటర్లో పనిచేసే అమ్మాయి విషయంలో కళ్ళారా చూశాను. అయినా చెల్లి మాట తప్పని ఇప్పటికీ అనను. చేతిలో డబ్బుండి, దగ్గర్లో అమ్మ ఉండి, తెనాలిలోనే ఉండేదాన్నైతే వెళ్ళేదాన్ని.

2021లో పరీక్షలు మొదలయ్యాయి. ఎండోస్కోపీలో హెచ్. పైలోరీ అనే బ్యాక్టీరియా దొరికింది, దానికి యాంటీబయాటిక్స్ కోర్సు. నిద్ర పరీక్షలో తీవ్రమైన స్లీప్ ఆప్నియా, అంటే నిద్రలో ఊపిరి ఆగి ఆగి ఆడే జబ్బు, అని తేలింది. మగత ఉంటే కారు నడపకూడదు, లైసెన్సులిచ్చే డీవీఎల్‌ఏకి తెలియజెయ్యాలి. తాళాలు మా ఆయనకిచ్చేసి మూడు నెలలు బస్సులో తిరిగాను. రాత్రి ముక్కుకు తగిలించుకునే సీప్యాప్ మిషన్ ఇచ్చారు. మా పాప దానికి గజేంద్రుడని పేరు పెట్టింది. మొదటి వారం నరకం. తొమ్మిదో రోజు పొద్దున లేచేసరికి తలనొప్పి లేదు. ఎన్నేళ్ళుగానో ఉన్న తలనొప్పి అది. లేనప్పుడు గానీ ఉండేదని తెలియలేదు.

సెప్టెంబరులో నా పేరు ఆపరేషన్ లిస్టులో ఎక్కింది. అప్పటినుంచి నెల మొదటి మంగళవారం పది గంటలకు వెయిటింగ్ లిస్టు చూసే క్లర్కుకు ఫోన్ చెయ్యడం పెట్టుకున్నాను. రోజూ చేసి విసిగించలేదు, మానెయ్యనూ లేదు. నాలుగో నెలకి ఆవిడ నా గొంతు గుర్తుపట్టేది. ఎవరైనా చివరి నిమిషంలో రాలేకపోతే పిలిచేవాళ్ళ జాబితా ఇంకోటి ఉంటుందని చెప్పి, అందులోనూ నా పేరు రాసింది. ఏ ఉత్తరంలోనూ లేని సంగతి అది.

ఆ నెలల్లో తినడం మళ్ళీ నేర్చుకున్నాను. రేపు పొట్ట కోడిగుడ్డంత అయ్యాక ఎలా తినాలో ఈరోజే అలవాటు చేసుకోమన్నారు. చిన్న ముద్ద, ఇరవైసార్లు నమలడం, తినేటప్పుడు నీళ్ళు తాగకపోవడం, తిన్న అరగంట దాకా ముట్టకపోవడం. మజ్జిగతో లేచే అలవాటున్న మనిషికి ఇది ఎంత కష్టమో ఇక్కడి వాళ్ళకు చెప్పలేకపోయాను. ఒక ఇడ్లీ తినడానికి పద్దెనిమిది నిమిషాలు. అప్పటికి మిగతావాళ్ళు చేతులు కడుక్కుని టీవీ ముందుండేవాళ్ళు.

2022 మే చివర తేదీ వచ్చింది. దానికి ముందు రెండు వారాలు పాల మీదే ఉండాలి, రోజుకు రెండు లీటర్ల పైచిలుకు. కడుపు మీద కప్పుకుని ఉండే కాలేయంలోని కొవ్వు తగ్గి అది చిన్నదైతేనే సర్జన్‌కు పనిముట్లు పెట్టే చోటు దొరుకుతుంది. ఉప్పదనం కోసం తాలింపు లేని చారు తేట తాగొచ్చా అని అడిగితే డైటీషియన్ సరేనంది. ఆ గ్లాసుడు మిరియాల చారే నన్ను బతికించింది. షుగరుకు వేసుకునే గ్లిక్లజైడ్ మాత్ర ఆపేయమని నర్సు చెప్పినా అలవాటుగా వేసేసుకున్నాను. మూడోరోజు కౌంటర్ దగ్గర చెమటలు, చేతుల వణుకు. షుగరు 3.6, అంటే మన లెక్కలో 65. తప్పు నాదే.

ఆపరేషన్ రోజు ఉదయం ఏడింటికి వెళ్ళాను. గౌను కట్టారు, కాళ్ళకు బిగుతు మేజోళ్ళు వేశారు, చేతికి సూది పెట్టారు. పదకొండు నలభైకి సర్జన్ వచ్చి మంచం చివర కూర్చున్నాడు. కూర్చున్నాడంటేనే అర్థమైపోయింది. రాత్రి వచ్చిన ఎమర్జెన్సీ కేసులతో హెచ్‌డీయూలో, అంటే ఆపరేషన్ తర్వాత దగ్గరుండి కనిపెట్టుకునే వార్డులో, మంచం లేదు. సూది తీసిన చోట దూది పెట్టుకుని ఇంటికొచ్చాను. జీడిపప్పు వేసి ఉప్మా చేసుకుని, నిలబడే, గిన్నెలోంచే తిన్నాను. ఇరవైసార్లు నమల్లేదు. మా ఆయన వంటింటి గుమ్మం దాకా వచ్చి వెనక్కి వెళ్ళిపోయారు.

ఆసుపత్రి వల్లే ఆరోజుకారోజు రద్దయితే 28 రోజుల్లో ఇంకో తేదీ ఇవ్వాలన్నది నియమం. నాకు యాభై రోజులు పట్టింది. మళ్ళీ పాలు, మళ్ళీ చారు తేట. ఈసారి మాత్ర వేసుకోలేదు.

ఆపరేషన్ గురించి చెప్పడానికి పెద్దగా లేదు, నేను నిద్రపోయాను. నాకు అసిడిటీ ఎక్కువ కావడంతో పొట్టలో చాలా భాగం కోసి తీసేసే స్లీవ్ వద్దని, పొట్టను చిన్న సంచిలా చేసి నేరుగా పేగుకు కలిపే గ్యాస్ట్రిక్ బైపాస్ చేశారు. అయిదు చిన్న గాట్లు, రెండు రాత్రులు. పొట్ట కన్నా భుజం ఎక్కువ నొప్పి పుట్టింది. లోపల నింపిన గ్యాసు వల్లట. ఇంటికొచ్చాక రక్తం గడ్డకట్టకుండా మూడు వారాలు నా పొట్టకు నేనే ఇంజెక్షన్ చేసుకున్నాను. మొదటి రెండు వారాలు అన్నీ పల్చగానే. ఆసుపత్రి కాగితంలో సూప్ అని ఉంది, నేను పెసరకట్టు తాగాను. నాలుగు చెంచాలకే చాలనిపించింది. చాలనిపించడం! ఊహ తెలిశాక నాకు దాదాపు కొత్త సంగతి అది.

అంతా సాఫీగా సాగిందనుకోకండి. రెండో నెలలో అన్నం ముద్ద గొంతు దిగి ఛాతీలో ఇరుక్కుని అరగంట గోడ పట్టుకుని నిలబడ్డాను. ఎవరో ఆత్రేయపురం పూతరేకులు తెస్తే సగం తిన్నాను. పది నిమిషాల్లో గుండె దడ, చెమట, నేల మీద పడుకుండిపోయాను. డంపింగ్ అంటారు దాన్ని. నాలుగో నెలలో జుట్టు కుచ్చులు కుచ్చులుగా ఊడింది. వీడియో కాల్లో చూసిన మేనత్త "తిరుపతి మొక్కు ఇంట్లోనే తీర్చేస్తున్నావేంటే" అంది. ఏడాదికి మళ్ళీ మొలిచింది.

ఏడాదిన్నరకు 74 కిలోలు. షుగరు మాత్రలు లేకుండా హెచ్‌బీఏ1సీ 41. బీపీ మాత్ర ఒకటి ఇంకా ఉంది. గజేంద్రుణ్ణి క్లినిక్‌కి తిరిగిచ్చేశాం, పాప ఫొటో తీసుకుంది. మూడు నెలలకోసారి బీ12 సూది.

"ఆలస్యమైనా అంతా మంచికే, ఆ టైంలో నీకు అలవాట్లు కుదిరాయి" అనేవాళ్ళున్నారు. వాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. అలవాట్లు కుదరడానికి ఎనిమిది నెలలు చాలు. మిగతా మూడేళ్ళలో నా కళ్ళ రెటీనాలో షుగరు మచ్చలు మొదలయ్యాయి. అవి బరువుతో పాటు పోలేదు.

2024 జూలైలో కిటికీ ఉన్న తెల్ల కవరు మరొకటి పడింది. రెండేళ్ళు పూర్తయ్యాయి, ఇకపై ఏడాదికోసారి రక్తపరీక్ష జీపీ దగ్గరే, మా క్లినిక్ నుంచి మిమ్మల్ని పంపించేస్తున్నాం అని. అమ్మ ఆ వారం మా ఇంట్లోనే ఉంది. ఉత్తరం ఏంటే అని అడిగి, చెప్పాక, పాత ఫైలు తెమ్మంది. అందులో పెట్టబోతూ, ఎందుకనిపించిందో, ఫైలునే వంటింటి త్రాసు మీద పెట్టాను. కిలో మూడు వందలు.

"కాగితాలకే ఇంత బరువా" అంది అమ్మ. కుక్కర్ మూడో కూత వేస్తే స్టవ్ కట్టెయ్యడానికి లేచింది.