ఈ ఏడాది నా క్లాసు రూమ్
గుంటూరు బ్రాడీపేటలో మా ఇంటి వెనక గదే ఈ ఏడాది నా కాలేజీ. మెడికల్ సీటు కోసం రాసే నీట్‌కి లాంగ్‌టర్మ్ (మరో ఏడాది కోచింగ్), ఆన్‌లైన్ లైవ్ క్లాసులు. పోయినేడు హాస్టల్లో నిద్రలేక, జ్వరాలతో సగం సిలబస్ వదిలేశాను. అందుకే ఇల్లు.

మొదట్లో చాట్‌లో డౌట్ అడగాలంటే టెన్షన్. మొన్న ధైర్యం చేసి క్రెబ్స్ వలయం (కణాల్లో ఆహారం నుంచి శక్తి వచ్చే చర్యల చక్రం) మళ్లీ చెప్పమని అడిగాను. సార్ పాఠం ఆపి, గ్లూకోజ్ విరిగితే వచ్చే పైరువేట్ దగ్గర్నుంచి బొమ్మ గీశారు. దాని మూడు కార్బన్లలో ఒకటి వలయంలోకి రాకముందే కార్బన్ డయాక్సైడ్‌గా పోతుంది, రెండు వలయంలో. ఎర్ర గీతలతో అంత తేటగా! రెండేళ్లుగా బట్టీ పట్టింది నిజంగా అర్థమైంది ఆ రోజే.

720 మార్కుల్లో బయాలజీకే 360 కదా, దాన్ని వదలను.

కరెంటు పోతే నాన్న తన ఫోన్ హాట్‌స్పాట్ ఇచ్చి పక్కనే కూర్చుంటారు. నిన్న రాత్రి క్లాసు అయ్యేదాకా విసనకర్రతో విసురుతూనే ఉన్నారు.